ఇరవై తొమ్మిది బాణాలు

పదిన్నరకు మూడో జాబితా కంప్యూటరు తెర మీదికి వచ్చింది. మొదటి రెండు జాబితాల్లో అట్టడుగున ఉన్న పదిహేడో నంబరు ఇందులో అందరికంటే పైన ఉంది.

ఆమె కుర్చీ వెనక్కి జరపలేదు. ఎవరినీ పిలవలేదు. తాను టైపు చేసిన ఆదేశాన్ని మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చదివింది. మళ్ళీ నడిపించింది. అదే జాబితా. పదిహేడు, దాని పక్కన ఇరవై తొమ్మిది.

గోడ గడియారం కింద ఒక కాగితం అంటించి ఉంది. సమావేశం నాలుగు గంటలకు. ఆరుగురి ఉద్యోగాలు తీసేసే ఉత్తర్వుల మీద అక్కడ సంతకాలు పడతాయి. ఆ ఆరుగురు ఎవరో తేల్చిన మొదటి జాబితా ఆమె చేసిందే.

నీటి సరఫరా కార్యాలయంలో ఆమెను అందరూ ఇన్వర్డ్ అక్క అంటారు. ఇన్వర్డ్ కిటికీ వదిలి ఆరేళ్ళయినా ఆ పేరు ఆమెను వదల్లేదు. బయటి నుంచి వచ్చే ప్రతి కాగితానికీ ముద్ర వేసి, పెద్ద పుస్తకంలో ఎక్కించే చోటు అది. ఇరవై రెండేళ్ళ వయసులో ఆ కిటికీ వెనక కూర్చుంది. పద్దెనిమిదేళ్ళు అక్కడే ఉంది. ఆ పుస్తకంలో మొదటి గడి ‘ఎవరికి’. రెండో గడి ‘ఎవరి నుంచి’. కాగితం చేరవలసిన మనిషి ముందు, పంపిన మనిషి తర్వాత. ఆ వరస చేతికి ఎంతగా పట్టేసిందంటే, ఇంట్లో ఫోన్ కబుర్లు రాసుకునే పలక మీద కూడా ఆమె అలాగే రెండు గీతలు గీసింది. అత్తగారు ఆ పలకను చూసి, “మా ఇంటికి కూడా ముద్ర వెయ్యకపోయావా కోడలా” అంది.

కంప్యూటర్లు వచ్చాక కొందరు భయపడ్డారు, కొందరు బదిలీ అడిగారు. ఆమె మాత్రం భోజనం వేళల్లో నేర్చుకుంది. ఎవరూ నేర్పలేదు. తప్పు వస్తే ఆ తప్పు సందేశాన్ని కాగితం మీద రాసుకుని ఇంటికి తీసుకెళ్ళి ఆలోచించేది.

నాలుగు నెలల కిందట కొత్త ఇంజనీరు వచ్చాడు. రెండు కార్యాలయాలను ఒకటి చెయ్యమని పైనుంచి రాసిచ్చారు. మనుషులు అరవై ఒక్కరు. కుర్చీలు యాభై అయిదు. ఇంజనీరు అందరినీ పిలిచి, తాను ఎవరి సిఫార్సూ విననని చెప్పాడు. ఒక ఫారం పంచాడు. అందులో ఒకటే ప్రశ్న. పని ఆగిపోతే మీరు ఎవరిని అడుగుతారు? కింద పేర్లు రాయడానికి ఖాళీ గీతలు, అడుగున తేదీ, సంతకం.

“ఎక్కువమంది ఎవరిని అడుగుతారో వాళ్ళ మీద ఈ ఆఫీసు నిలబడి ఉంది. ఎవరూ అడగని మనిషి లేకపోయినా పని ఆగదు.” ఇంజనీరు చెప్పింది అంతే. వినడానికి న్యాయంగానే ఉంది.

నిండిన ఫారాలను సూపరింటెండెంటు తన గదిలో పెట్టుకుని, పేర్ల మీద తెల్ల సిరా పూసి నంబర్లు వేశాడు. ఏ నంబరు ఎవరిదో రాసుకున్న నోటుపుస్తకం ఆయన దగ్గరే ఉంటుంది. ఫారాలు మాత్రం ఆమె బల్ల మీదికి వచ్చాయి. మిగిలిన తేదీ చేతిరాతను బట్టి ఆమె గుర్తుపట్టింది ఒక్క ఫారాన్నే. ముప్పై ఎనిమిది. అది తనదే.

ఫారాల్లో ఉన్నదంతా రెండు గడుల పట్టీగా ఎక్కించింది. దాన్ని సాఫ్ట్‌వేర్‌కి ఇస్తే ప్రతి మనిషీ ఒక చుక్క అవుతాడు. ఒకరు ఇంకొకరిని అడిగితే, అడిగే చుక్క నుంచి అడిగించుకునే చుక్కకు ఒక బాణం పడుతుంది. ఎవరి దగ్గరికి ఎన్ని బాణాలు వచ్చాయో లెక్క కడితే వరస తేలిపోతుంది. ఒక్క బాణం కూడా రానివాళ్ళు సరిగ్గా ఆరుగురు తేలారు. ఆరు నంబర్లూ రాసి పంపింది. అది జరిగి పదిహేను రోజులైంది.

పద్ధతి పైవాళ్ళకు నచ్చింది. పదకొండు శాఖల్లోనూ ఇదే చెయ్యాలన్నారు. అయితే ఏ సాఫ్ట్‌వేర్ పంపాలి? మూడింటిని పోల్చి నివేదిక ఇవ్వమని ఇంజనీరు ఆమెకు చెప్పాడు. ఒకే పట్టీ, మూడు సాఫ్ట్‌వేర్లు. ఏది తేలిక, ఏది త్వరగా చేస్తుంది, మూడూ ఒకే జవాబు చెబుతున్నాయా. శుక్రవారం మూడు గంటలకల్లా తన బల్ల మీద ఉండాలన్నాడు.

ఈ రోజే శుక్రవారం.

ఆ మూడింటికీ పేర్లు పెట్టింది పక్క సీటు టైపిస్టు. టైపు మిషన్లు పోయి చాలా ఏళ్ళయింది గానీ ఆమె హోదా పేరు ఇంకా అదే. బూడిదరంగు కిటికీలతో, ముప్పై ఏళ్ళ కిందటి మొహంతో ఉండే సాఫ్ట్‌వేర్ ‘పెద్దాయన’. చుక్కలన్నీ రంగుల్లో గిరగిరా తిరిగి, కాసేపటికి సర్దుకుని నిలబడేది ‘బొంగరం’. నల్ల తెర మీద ఏ బొమ్మా చూపించకుండా, మనం ఏదైనా రాస్తే తప్ప పలకనిది ‘మౌని’.

నివేదికలో సగం అప్పటికే రాసేసింది. బొంగరం నేర్చుకోవడానికి ఒక పూట చాలు. గోడకు తగిలించుకునేంత అందమైన బొమ్మ ఇస్తుంది. చుక్కలు వేలల్లోకి పోతే కంప్యూటరు రొప్పుతుంది. పెద్దాయన దగ్గర లేని లెక్క లేదు. కానీ ఏ లెక్క ఏ కిటికీ వెనక ఉందో వెతుక్కోవాలి. బొమ్మ మాత్రం బొగ్గుతో గీసినట్టు ఉంటుంది. రెండింటి జవాబూ ఒకటే. మౌని గురించి రాయవలసిన పేజీ ఖాళీగా ఉంది. కష్టమైనదాన్ని చివరికి పెట్టుకుంది.

ఇప్పుడు మౌని వేరే మాట చెబుతోంది.

“ఏంటక్కా, దెయ్యాన్ని చూసినట్టు చూస్తున్నావ్?” అంది టైపిస్టు.

“మూడోది కలవడం లేదు.”

“ఇద్దరు ఒక మాట మీదున్నారా? అయితే మూడోవాడు తాగొచ్చాడన్నమాట. వదిలెయ్.” నవ్వింది. నవ్వుతూనే తన కీబోర్డు ఇటు తిప్పింది. “అక్కా, ఈ పేజీ అడ్డంగా రావాలంటే ఎక్కడ నొక్కాలి?”

ఆమె తల తిప్పకుండానే చెప్పింది. ఎక్కడ నొక్కాలో, ఆ తర్వాత ఏం వస్తుందో.

పదకొండింటికి సూపరింటెండెంటు వచ్చాడు. ఇంకో ఏడాదిలో రిటైరయ్యే మనిషి. ఎవరితోనూ గొంతు పెంచడు. ఆమె వెనక నిలబడి తెర చూశాడు.

“రెండు ఒకటే చెప్తున్నాయి కదమ్మా. మూడోదాన్ని ఎందుకు నెత్తికెత్తుకుంటావ్? ‘వాడకం కష్టం, సిఫార్సు చెయ్యడం లేదు’ అని రాసెయ్. సరిపోతుంది.”

“ఎందుకు వేరేగా వచ్చిందో రాయాలి కదండీ.”

“రాయాలి. మూడింటికల్లా రాయాలి.” గడియారం వైపు చూసి వెళ్ళిపోయాడు.

మంచినీళ్ళ కోసం వరండాలోకి వెళ్ళింది. గోడ వారన బెంచీ మీద చెవి బాబాయ్ కూర్చుని ఉన్నాడు.

ఆ పేరు ఆయన వాడే ఇనుప కడ్డీ వల్ల వచ్చింది. నేల మీద కడ్డీ ఆనించి, దాని పై కొనకు చెవి పెట్టి, కింద పైపు ఎక్కడ కారుతోందో చెబుతాడు. ముప్పై నాలుగేళ్ళుగా ఊరి వాల్వులన్నీ ఆయన చేతి కింద ఉన్నాయి. మాట తక్కువ. కడ్డీకి గుడ్డ చుట్టి ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు.

“ఇక్కడున్నారేంటి బాబాయ్?”

“నాలుగింటికి రమ్మన్నారు తల్లీ. ముందే వచ్చా. సైట్‌లో మనసు నిలబడలా.”

ఆమె చేతిలో గ్లాసు ఉంది. తాగలేదు.

“సూపరింటెండెంటు గారు చెప్పారులే. నీదీ ఉంది లిస్టులో అని. నేను అందరికీ ఫోన్లు చేసి అడుగుతున్నానంట. ఇరవై తొమ్మిది మందిని.” తల ఊపాడు. “నా ఫోన్ చూపించనా? బటన్ల మీద అంకెలు అరిగిపోయినయ్. వచ్చిన ఫోన్ ఎత్తుతా గానీ చెయ్యడం నాకెక్కడొచ్చు.”

“ఎన్నన్నారు?”

“ఇరవై తొమ్మిది. నిన్న పంపుహౌసులో కుర్రాళ్ళు కూడా అంటున్నారు, బాబాయ్‌కి వయసైపోయింది, మర్చిపోయి అందరినీ అడుగుతున్నాడేమో అని. నిజమేనేమో తల్లీ. మనకి తెలియకుండానే చేస్తామా అలాగ?”

“ఫారంలో ఎవరి పేర్లు రాశారు బాబాయ్?”

“ఎవర్నని రాయను? ఖాళీగా ఇచ్చా. అది గానీ తప్పయిందా?”

ఆమె గ్లాసును బెంచీ మీద పెట్టి లోపలికి వెళ్ళింది.

ఫారాల కట్ట బీరువాలో ఉంది. తాళం తీసింది. పదిహేడో ఫారం తీసింది. పైన నంబరు. అడుగున సంతకం ఉండే చోట తెల్ల సిరా. మధ్యలో గీతలన్నీ ఖాళీ.

ఒక్కరి పేరు కూడా రాయని మనిషి ఇరవై తొమ్మిది మందిని ఎలా అడుగుతాడు?

ఎక్కించేటప్పుడు ఇలాంటి ఖాళీ ఫారాలు ఇంకొన్ని తగలడం ఆమెకు గుర్తుంది. కట్టంతా విప్పి ఏరింది. ఆరు. ఆరింటినీ బల్ల మీద వరసగా పరిచింది. పదిహేను రోజుల కిందట తాను పంపిన జాబితా పక్కన పెట్టింది. ఆరు నంబర్లూ అవే.

అప్పుడు పట్టీ తెరిచి మొదటి వరస చూసింది. మొదటి గడికి పైన తనే పెట్టుకున్న పేరు ‘ఎవరిని’. రెండో గడికి ‘ఎవరు’.

చేరవలసిన మనిషి ముందు, పంపిన మనిషి తర్వాత. ఇన్వర్డ్ పుస్తకం వరస.

బొంగరానికీ పెద్దాయనకీ గడుల పేర్లతో పని లేదు. మొదటి గడిలో ఎవరుంటే వాళ్ళ దగ్గరే బాణం మొదలైందనుకుంటాయి. మనల్ని అడగవు. బాణం ఏ గడిలో మొదలవుతుందో మన చేత్తో రాయించుకున్నది మౌని ఒక్కటే. పొద్దున ఆమె అక్కడ ఆలోచించకుండా ‘ఎవరు’ అని రాసింది. రాసేటప్పుడు అది పెద్ద విషయంగా అనిపించలేదు.

బొంగరం తెరిచి పదిహేను రోజుల కిందటి బొమ్మను చూసింది. పదిహేడో చుక్క నుంచి ఇరవై తొమ్మిది బాణాలు బయటికి పోతున్నాయి. ఆ రోజు దాన్ని చూసి, ఎవరో పాపం ఒక్క పనీ సొంతంగా చెయ్యలేరు కాబోలు అనుకుంది. నిజానికి ఇరవై తొమ్మిది మంది ఆ మనిషి తలుపు కొడుతున్నారు. ఆమె ప్రతి బాణాన్నీ వెనక్కి తిప్పి పెట్టింది.

ఎవరినీ అడగనక్కర్లేని ఆరుగురిని ఏరి, అక్కర్లేని మనుషులని రాసి పంపింది.

పన్నెండున్నర అయింది. మౌని జాబితాను ఇప్పుడు కిందనుంచి చదివింది. ఒక్క బాణమూ రానివాళ్ళు ఇందులో కూడా ఆరుగురే. నాలుగు. పంతొమ్మిది. ఇరవై ఆరు. ముప్పై ఎనిమిది.

అక్కడ ఆగింది.

తన ఫారం తీసింది. తన చేతిరాతలో తేదీ. మూడు పేర్లు రాసింది తాను. ఆ మూడింటి పుణ్యాన తప్పుడు జాబితాలో ఆమెకు మూడు బాణాలు వచ్చి, మధ్యలో ఎక్కడో క్షేమంగా కూర్చుంది. సరైన జాబితాలో ఆమెను అడిగినవాళ్ళు ఎవరూ లేరు.

అరవై ఫారాలు మరోసారి తిప్పింది. ముప్పై ఎనిమిది అన్న అంకె కోసం. ఎక్కడా లేదు.

“అక్కా, తినవా?” అంది టైపిస్టు డబ్బా మూత తీస్తూ.

“ఒక మాట అడుగుతాను. ఫారంలో నువ్వు ఎవరి పేరు రాశావు?”

“ఇప్పుడెందుకు?”

“ఊరికే.”

“సూపరింటెండెంటుది. ఇంజనీరు గారిది. ఇంకా స్టోర్స్ ఆయనది అనుకుంటా.” ముద్ద నోట్లో పెట్టుకుంది. “పైకి వెళ్ళే కాగితం కదా. కాస్త పెద్ద పేర్లు ఉండాలి. మనం మనం రాసుకుంటే ఏం బావుంటుంది?”

“సూపరింటెండెంటుని ఎప్పుడైనా ఏదైనా అడిగావా?”

“సెలవు అడిగా.” పకపకా నవ్వింది. “పనికి నువ్వున్నావు కదా. పక్కనే ఉన్నదాన్ని రాస్తారా ఎవరైనా?”

ఆమె కూడా కొంచెం నవ్వింది. తన డబ్బా తెరవలేదు.

ఒంటిగంటకు అత్తగారు ఫోన్ చేసింది.

“కోడలా, వచ్చేటప్పుడు నా కళ్ళజోడు తీసుకురా. కాడ బిగించారట.”

“సరే అత్తయ్యా.”

“నీ మొగుడు నిచ్చెనెక్కి కూర్చున్నాడు. గేటు మీద ఇంటి నంబరు రాస్తాడట. దిగరా అంటే పైనుంచే నాకు నీతులు చెప్తున్నాడు.”

“చెయ్యి వణుకుతోందా?”

“వణుకుతోంది. మూడు ఎనిమిదిలా వచ్చింది. పోస్టు పక్కింటికి పోతుందిక.” వెంటనే మాట మార్చింది. “నీ గొంతేంటి అలా ఉంది?”

“ఏం లేదు. పని.”

భర్త దుకాణాలకు బోర్డులు రాసేవాడు. అక్షరం గీస్తే జనం నిలబడి చూసేవాళ్ళు. ముద్రించే యంత్రాలు వచ్చి బోర్డుల పని పోయింది. తర్వాత చెయ్యి వణకడం మొదలైంది. కూతురు నర్సింగ్ రెండో ఏడు, హాస్టల్లో ఉంది. ఇంటికి జీతమంటూ వచ్చేది ఆమెదొక్కటే. ఇంట్లో ఈ మాట ఎవరూ పైకి అనరు. నెల మొదటి రోజు భర్త గుమ్మం దగ్గర ఆమె చెప్పులు తుడిచి పెడతాడు.

ఒంటిగంటన్నరకు ఆమె పెద్దాయనను మళ్ళీ తెరిచింది.

ఎందుకు తెరిచిందో ఆమెకు తెలుసు. నాలుగు కిటికీల వెనక ఒక చిన్న గడి ఉంది. దాన్ని నొక్కితే బాణాల మొనలు విరిగిపోతాయి. ఎవరు ఎవరిని అడిగారన్న తేడా ఉండదు. ఇద్దరి మధ్య గీత మాత్రమే మిగులుతుంది. చాలా చోట్ల ఈ లెక్కనే వాడతారు. తప్పని ఎవరూ అనలేరు. నొక్కింది.

పదిహేడుకు ఇరవై తొమ్మిది గీతలు. ముప్పై ఎనిమిదికి మూడు. ఇద్దరూ బయటపడ్డారు. మౌని అట్టడుగున చూపని నంబర్లు కొన్ని ఈ అట్టడుగు ఆరుగురిలోకి వచ్చాయి. వాటిలో నలభై నాలుగు ఒకటి.

నలభై నాలుగో ఫారం తీసింది. ఖాళీ. ఆరు ఖాళీ ఫారాల్లో అదొకటి. ఆ మనిషి ఎవరినీ అడగడు. ఆ మనిషిని ఒక్కరు అడుగుతారు. ఆ ఒక్కరి ఫారం కూడా చూసింది. తేదీ వంకర అంకెల్లో ఉంది. అందులో ఆ ఒక్క నంబరే ఉంది, ఇంకెవరిదీ లేదు. అంటే అది రాసిన మనిషికి నలభై నాలుగు తప్ప వేరే దిక్కు లేదు.

ఆమె చాలాసేపు ఆ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టుకుని కూర్చుంది. ఫ్యాను గాలికి ఒకటి లేస్తే అరచేత్తో అదిమింది. తర్వాత ఆ కిటికీ మూసింది. సేవ్ చెయ్యాలా అని పెద్దాయన అడిగాడు. వద్దంది.

రెండున్నరకల్లా మౌని పేజీ నిండింది. పట్టీలో గడులు మార్చి మూడింటినీ మళ్ళీ నడిపింది. ఈసారి మూడూ ఒకే మాట చెప్పాయి. చివరి పేజీ విడిగా రాసింది. పొరపాటు సాఫ్ట్‌వేర్లది కాదు, పట్టీ ఎక్కించిన నాది, అని మొదలుపెట్టి నాలుగు వాక్యాల్లో ముగించి, కింద కొత్త ఆరు నంబర్లూ వేసింది.

ప్రింటరు దగ్గరికి సూపరింటెండెంటు వచ్చాడు. చివరి పేజీ నిలబడే చదివాడు. జేబులోంచి నోటుపుస్తకం తీసి కొత్త ఆరు నంబర్లకు పేర్లు చూసుకున్నాడు. నాలుగో పేరు దగ్గర ఆయన వేలు ఆగింది.

“ముప్పై ఎనిమిది ఎవరో నీకు తెలుసా?” గొంతు ఇంకా తగ్గించాడు.

“తెలుసండీ.”

“తెలిసే రాశావా?”

ప్రింటరులోంచి రెండో ప్రతి బయటికి వస్తోంది.

“చూడమ్మా. పెద్దాయన...” అది సాఫ్ట్‌వేర్ పేరని గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాడు. “ఆ చెవి బాబాయ్‌కి రెండేళ్ళే ఉంది సర్వీసు. నీకు పద్నాలుగేళ్ళుంది. ఆడపిల్ల చదువు మధ్యలో ఉంది. ఈ పేజీ ఒక్కటి లేకపోతే ఎవరికి తెలుస్తుంది? ఆరు ఖాళీ ఫారాలు ఎవరు తిరగేస్తారు?”

“ఈ సాఫ్ట్‌వేర్ పదకొండు శాఖలకి వెళ్తుందండీ. నేను చేసిన పట్టీనే నమూనాగా పంపుతారు.”

“అక్కడివాళ్ళ సంగతి అక్కడివాళ్ళు చూసుకుంటారు.”

“బాబాయ్ నన్నొకటి అడిగారు. మనకి తెలియకుండానే అలా చేస్తామా అని. నాకు జవాబు తెలుసు కదండీ ఇప్పుడు.”

సూపరింటెండెంటు పేజీ తిరిగి ఇచ్చాడు. ఇచ్చేముందు దాని మూల మడత విప్పి సరిచేశాడు.

మూడింటికి నివేదిక, దానితో ఆరు ఖాళీ ఫారాలు ఇంజనీరు బల్ల మీద ఉన్నాయి. మూడున్నరకు పిలుపు వచ్చింది.

ఇంజనీరు గదిలో బల్ల, మూడు కుర్చీలు, గోడ మీద పైపుల పటం. బల్ల మీద ఒక పక్క ఆరు కవర్లు. ఆమెను కూర్చోమనలేదు. ఆమె తర్వాత లోపలికి వచ్చిన సూపరింటెండెంటు కూడా నిలబడే ఉన్నాడు.

“మొదటి జాబితా మొత్తం తలకిందులా?”

“అవును సార్.”

“నాతో సంతకం పెట్టించబోయారు.”

“అవును సార్. నిన్నటిదాకా మూడోది నడపలేదు. పొద్దున నడిపాను.”

ఇంజనీరు ఆరు ఖాళీ ఫారాలను ఒక్కొక్కటే చూశాడు. వెనక్కి తిప్పి కూడా చూశాడు. తర్వాత కవర్లను తీసి, ఆరింటినీ మధ్యకు చించి కింద ఉన్న బుట్టలో వేశాడు. ఆ చప్పుడుకు సూపరింటెండెంటు కళ్ళు దించుకున్నాడు.

“కొత్త ఆరుగురు. పేర్లు చదవండి.”

సూపరింటెండెంటు నోటుపుస్తకం తెరిచాడు. మూడు పేర్లు చదివాడు. నాలుగోదాని దగ్గర దగ్గు వచ్చింది. దగ్గాడు. ఇంకా దగ్గాడు.

“నేనే సార్,” అంది ఆమె.

ఇంజనీరు తలెత్తాడు. ఆమె మొహం చూడడం అదే మొదటిసారి అన్నట్టు చూశాడు.

“మిమ్మల్ని ఎవరూ అడగరా?”

“కాగితం మీద ఎవరూ లేరు సార్.”

“నేను ఎవరి సిఫార్సూ విననని నాలుగు నెలల కిందటే చెప్పాను.”

“నేను సిఫార్సు చెయ్యడం లేదు సార్.”

పటం మీద నీలం గీతలు, ఎర్ర గీతలు. ఎక్కడ వాల్వు ఉందో అక్కడ చిన్న సున్నా. ఇంజనీరు కలం మూత తీశాడు. పెట్టాడు. మళ్ళీ తీశాడు.

“ఇంతకీ ఏది పంపుదాం? మూడింట్లో.”

“మౌ...” ఆపుకుని అసలు పేరు చెప్పింది. “అదే పంపండి సార్. కష్టమే. కానీ అది అడక్కుండా మొదలుపెట్టదు.”

కొత్త ఉత్తర్వులు టైపయి వచ్చేసరికి నాలుగుంబావు. ఇంజనీరు ఆరింటి మీదా సంతకం పెట్టాడు. నాలుగోదాని మీద పెట్టేటప్పుడు ఆయన కలం కాసేపు గాలిలోనే ఉంది. నెల రోజుల గడువు అని రాసి ఉంది అందులో.

“సోమవారం తీసుకుంటారా?”

“ఇప్పుడే ఇవ్వండి సార్.”

సూపరింటెండెంటు అందినట్టు సంతకం చేయించుకునే పుస్తకం జరిపాడు. మొదటి గడిలో, ఎవరికి అన్న చోట, ఆమె పేరు. ఈ పుస్తకంలో ఆ వరస సరైనదే. సంతకం చేసింది.

చెవి బాబాయ్ బెంచీ మీద నుంచి లేచి నిలబడ్డాడు. కడ్డీ గుడ్డ సగం విప్పి ఉంది.

“ఏమంటారు తల్లీ?”

“మీ పేరు లేదు బాబాయ్. మీరు ఎవరినీ అడగలేదు. అందరూ మిమ్మల్నే అడిగారు. నేను తిప్పి రాశాను.”

ఆయనకు కొంత అర్థమైంది. అర్థం కానిదాన్ని అడగలేదు. ఆమె చేతిలో కవరు చూశాడు.

“అదేంటి?”

“నాది.”

ఆయన మళ్ళీ కూర్చున్నాడు. అప్పుడే జేబులో ఫోన్ మోగింది. తీసి, దూరంగా పట్టుకుని విన్నాడు. “ఎడం పక్కది మూడు తిప్పులు తిప్పు. కుడిది ముట్టుకోకు. వస్తున్నా,” అని పెట్టేశాడు. ఆమె వైపు చూశాడు.

“వెళ్ళండి బాబాయ్. నీళ్ళు ఆగిపోతాయి.”

ఆయన మెట్లు దిగేదాకా నిలబడి, లోపలికి వచ్చింది. కవరును సొరుగులో పెట్టి, కళ్ళజోడు దుకాణం చీటీని మర్చిపోకుండా కీబోర్డు కింద దూర్చింది.

“ఏమయింది అక్కా? ఎవరెవరంట?” టైపిస్టు సగం లేచి అడిగింది.

“తర్వాత చెప్తాను.”

“సరేలే. ఇది చూడు ముందు. శాఖలకి పంపే పట్టీ నన్ను చెయ్యమన్నారు. నాకేం తెలుసు దీని సంగతి? ఏ గడిలో ఏం పెట్టాలి?”

ఎప్పటిలా తల తిప్పకుండా చెప్పలేదు. కుర్చీ జరుపుకుని వెళ్ళి పక్కన కూర్చుంది. ఒక తెల్ల కాగితం తీసుకుంది. పైనుంచి కిందకి, ఇంకెవరూ పక్కన లేకపోయినా చదువుకుని చేసుకునేలా, ఒక్కొక్క మెట్టూ రాయడం మొదలుపెట్టింది.

మొదటి గడిలో ఎవరు. రెండో గడిలో ఎవరిని.